అన్నవాహిక క్యాన్సర్ కణాల వ్యాప్తి - మైక్రో ఆర్‌ఎన్‌ఏల పాత్ర

వ్యాససంగ్రహం

అన్నవాహిక క్యాన్సర్‌లో రోగి భవితవ్యాన్ని గడ్డ పరిమాణం కంటే క్యాన్సర్ కణాల వ్యాప్తి ఎక్కువగా నిర్ణయిస్తుంది. పుట్టిన చోటును విడిచి, చుట్టూ ఉన్న కణజాలంలోకి చొరబడి, శోషరస గ్రంథులకు, దూరాన ఉన్న అవయవాలకు చేరే ఈ ప్రక్రియను అదుపు చేసే అణువులలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ముఖ్యమైనవి. వీటి పనితీరును, వ్యాప్తిలోని ఒక్కొక్క దశపై వీటి ప్రభావాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ఏ మైక్రో ఆర్‌ఎన్‌ఏకూ క్యాన్సర్‌ను పెంచే లేదా అణచే స్వభావం శాశ్వతంగా ఉండదని, అది ఏ కణంలో, ఏ దశలో, ఏ జన్యువును అణచివేస్తోందన్న దానిపైనే దాని పాత్ర ఆధారపడుతుందని నిరూపిస్తుంది. అందువల్ల ఇతర దేశాల ఫలితాలను తెలుగు ప్రాంత రోగులకు అన్వయించే ముందు స్థానిక పరిశీలన ఎందుకు అవసరమో చర్చిస్తుంది.

కీలకపదాలు: అన్నవాహిక క్యాన్సర్, మైక్రో ఆర్‌ఎన్‌ఏ, శల్కల కణ క్యాన్సర్, కణ వ్యాప్తి, ఈ-క్యాడ్‌హెరిన్, మిర్-21, మిర్-200, మిర్-375.

1. ఉపోద్ఘాతం

నోటిలోని ఆహారాన్ని జీర్ణాశయానికి చేర్చే అన్నవాహిక సుమారు 25 సెంటీమీటర్ల పొడవుగల కండర నాళం. దీనికి సాగే గుణం ఎక్కువ. కనుక లోపల గడ్డ పెరుగుతున్నా చాలాకాలం ఆహారం సాఫీగానే దిగుతుంది. నాళం బాగా ఇరుకైన తరువాత మొదట రొట్టె, మాంసం వంటి గట్టి పదార్థాలు, ఆ తరువాత అన్నం, చివరకు గంజి, నీళ్లు కూడా అడ్డుపడతాయి. సూర్యాపేట జిల్లాలో కోదాడకు చేరువగా ఉన్న అనంతగిరి మండలంలో ఒక రైతుకో కూలీకో 'ముద్ద దిగడం లేదు' అన్న అనుమానం కలిగిందనుకుంటే, అతడు కోదాడలోనో సూర్యాపేటలోనో వైద్యుణ్ణి కలిసి, ఎండోస్కోపీ చేయించుకుని, హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోటికి చేరేసరికి వ్యాధి ముదిరి ఉండే అవకాశమే ఎక్కువ. అప్పుడు వైద్యుని ముందున్న ప్రశ్న క్యాన్సర్ ఎక్కడ పుట్టిందన్నది కాదు, ఎంతవరకు పాకిందన్నది.

2022 సంవత్సరానికి గ్లోబోకాన్ అంచనాల ప్రకారం ప్రపంచంలో సుమారు 5,11,000 మందికి ఈ క్యాన్సర్ కొత్తగా సోకగా, సుమారు 4,45,000 మంది దీనివల్ల మరణించారు. భారతదేశంలో కొత్త రోగులు సుమారు 70 వేలు. కొత్తగా నమోదైన రోగుల సంఖ్యకూ మరణాల సంఖ్యకూ నడుమ ఉన్న ఈ కొద్దిపాటి వ్యత్యాసమే వ్యాధి తీవ్రతను తెలుపుతుంది. ఆ తీవ్రతకు ప్రధాన కారణం కణాల వ్యాప్తి. దాన్ని నడిపించే అణుస్థాయి యంత్రాంగాన్ని తెలుసుకోవడం కేవలం ప్రయోగశాలకు పరిమితమైన ఆసక్తి కాదు.

2. అన్నవాహిక క్యాన్సర్ - రెండు భిన్న వ్యాధులు

అన్నవాహిక క్యాన్సర్ అనే ఒకే పేరు కింద రెండు భిన్న వ్యాధులున్నాయి. అన్నవాహిక లోపలి పొరలోని చదునైన శల్కల ఉపకళ కణాలలో పుట్టేది శల్కల కణ క్యాన్సర్. పొగాకు, మద్యం దీనికి ప్రధాన కారణాలు. వక్కను క్యాన్సర్ కారకంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో వర్గీకరించింది. 65 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడిగల పానీయాలను బహుశా క్యాన్సర్ కారకాలుగా 2016లో పేర్కొంది. రెండవది గ్రంథి కణ క్యాన్సర్. జీర్ణాశయ ఆమ్లం తరచుగా పైకి ఎగదన్నడం వల్ల అన్నవాహిక దిగువ భాగంలోని శల్కల కణాల స్థానంలో పేగు కణాలను పోలిన కణాలు ఏర్పడతాయి. బారెట్ అన్నవాహిక అనే ఆ స్థితి నుంచి ఇది పుడుతుంది. పాశ్చాత్య దేశాలలో గ్రంథి కణ క్యాన్సర్ ఎక్కువగా కనిపిస్తుండగా భారతదేశం, చైనా, జపాన్‌లలో శల్కల కణ క్యాన్సర్‌దే పైచేయి.

ఈ రెండు రకాలలోనూ వ్యాప్తికి తోడ్పడే ఒక నిర్మాణ విశేషం అన్నవాహికకు ఉంది. పేగులను కప్పి ఉంచే సీరస్ పొర అన్నవాహికలో అధికభాగానికి లేదు. పైగా దీని శోషరస నాళాలు లోపలి పొరకు అతి సమీపంలో మొదలై నాళం పొడవునా నిలువుగా వ్యాపించి ఉంటాయి. అందువల్ల గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడే కణాలు శోషరసంలో ప్రవేశించి, దగ్గరి గ్రంథులను దాటి దూరపు గ్రంథులలో కనిపించవచ్చు. లోపలి పొరకే పరిమితమైన క్యాన్సర్‌ను ఎండోస్కోపీ ద్వారా తొలగించగల అవకాశం ఉంది. కణాలు ఆ కింది పొరను లోతుగా చేరిన తరువాత గ్రంథులకు పాకే ప్రమాదం బాగా పెరిగి చికిత్సా మార్గమే మారిపోతుంది.

3. మైక్రో ఆర్‌ఎన్‌ఏ - ఆవిష్కరణ, పనితీరు

జన్యువులోని సమాచారం సందేశ ఆర్‌ఎన్‌ఏగా నకలై, దాని ఆధారంగా ప్రోటీన్ తయారవుతుందన్నది జీవశాస్త్రంలో మౌలిక సూత్రం. నకలైన ప్రతి సందేశమూ ప్రోటీన్‌గా మారి తీరాలన్న నియమం మాత్రం లేదు. సందేశానికి అడ్డుకట్ట వేసే అతిచిన్న ఆర్‌ఎన్‌ఏ అణువులున్నాయని సి. ఎలిగాన్స్ అనే సూక్ష్మ పురుగుపై చేసిన పరిశోధనలు 1993లో వెల్లడించాయి. విక్టర్ ఆంబ్రోస్ బృందం లిన్-4 అనే జన్యువు నుంచి ప్రోటీన్ కాక చిన్న ఆర్‌ఎన్‌ఏ మాత్రమే వస్తున్నదని చూపింది. అది లిన్-14 సందేశాన్ని ఎలా అణచివేస్తుందో గ్యారీ రవ్‌కన్ బృందం నిరూపించింది. 2000లో రవ్‌కన్ బృందం కనుగొన్న లెట్-7 మానవునితో సహా అనేక జంతువులలో ఉందని తేలిన తరువాతే ఇది పురుగుకు మాత్రమే చెందిన వింత కాదని శాస్త్రలోకం గుర్తించింది. ఈ ఆవిష్కరణకు వీరిద్దరికీ 2024లో నోబెల్ బహుమతి లభించింది.

మైక్రో ఆర్‌ఎన్‌ఏ పొడవు సుమారు 22 న్యూక్లియోటైడ్లు. కేంద్రకంలో మొదట పొడవైన పూర్వరూపంగా ఇది తయారవుతుంది. డ్రోషా అనే ఎంజైమ్ దాన్ని తలపిన్ను ఆకారంలో ఉన్న చిన్న ముక్కగా కత్తిరిస్తుంది. ఎక్స్‌పోర్టిన్-5 ఆ ముక్కను కేంద్రకం వెలుపలికి చేరుస్తుంది. అక్కడ డైసర్ అనే మరొక ఎంజైమ్ తుది కోత కోస్తుంది. మిగిలిన రెండు పోగులలో ఒకటి ఆర్గొనాట్ ప్రోటీన్‌తో చేరి నిశ్శబ్దీకరణ సముదాయంగా ఏర్పడుతుంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏ మొదటి కొసలోని 2 నుంచి 8 వరకు గల న్యూక్లియోటైడ్లను బీజ భాగం అంటారు. ఈ భాగానికి జతపడే వరుస ఏ సందేశ ఆర్‌ఎన్‌ఏ చివరి భాగంలో ఉంటే ఆ సందేశం అనువాదం కాకుండా ఆగిపోతుంది లేదా విచ్ఛిన్నమవుతుంది.

బీజ భాగం అతిచిన్నది కావడం వల్ల రెండు ఫలితాలు కలుగుతాయి. ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏ వందలాది జన్యువులను ప్రభావితం చేయగలదు. ఒక జన్యువు సందేశంపై అనేక మైక్రో ఆర్‌ఎన్‌ఏలు పనిచేయగలవు. ఒక్కొక్క జన్యువుపై కలిగే తగ్గుదల సాధారణంగా స్వల్పమే. కానీ ఒకే ప్రక్రియకు చెందిన పలు జన్యువులు ఒకేసారి తగ్గినప్పుడు కణ స్వభావమే మారుతుంది. ఈ అణువులకు క్యాన్సర్‌తో గల సంబంధం 2002లో బయటపడింది. ఒక రకం రక్త క్యాన్సర్‌లో తరచుగా లోపించే 13వ క్రోమోజోమ్ భాగంలోనే మిర్-15, మిర్-16 ఉన్నాయని కార్లో క్రోచే బృందం చూపింది.

4. వ్యాప్తి దశలు - మైక్రో ఆర్‌ఎన్‌ఏల ప్రమేయం

వైద్యులు మెటాస్టాసిస్ అని పిలిచే వ్యాప్తి ఒకేసారి జరిగే సంఘటన కాదు. కణం తన పొరుగు కణాలతో పట్టు సడలించుకోవాలి, కదలిక పొందాలి, అడ్డుగా ఉన్న కణజాలాన్ని చీల్చుకుని పోవాలి, శోషరసంలోనో రక్తంలోనో ప్రాణం నిలుపుకోవాలి, కొత్త చోట నాటుకోవాలి. వీటిలో ఏ ఒక్కటి విఫలమైనా వ్యాప్తి ఆగిపోతుంది.

4.1 పట్టు సడలడం: ఉపకళ కణాలను ఒకదానితో ఒకటి బంధించి ఉంచే ప్రోటీన్లలో ఈ-క్యాడ్‌హెరిన్ ముఖ్యమైనది. ఇది తగ్గినప్పుడు కణాలు విడివడి, సన్నగా సాగి, సంచరించే మధ్యకళ కణాల లక్షణాలను పొందుతాయి. దీన్ని ఉపకళ-మధ్యకళ పరివర్తన అంటారు. ఈ పరివర్తనను ప్రేరేపించే జెబ్-1, జెబ్-2 ప్రోటీన్లు ఈ-క్యాడ్‌హెరిన్ జన్యువును మూసివేస్తాయి. మిర్-200 కుటుంబం ఆ రెండింటి సందేశాలనూ అణచి ఉపకళ స్వభావాన్ని కాపాడుతుందని 2008లో వేర్వేరు బృందాలు నిరూపించాయి. జెబ్ ప్రోటీన్లు కూడా మిర్-200 జన్యువులను అణచివేస్తాయి. అందువల్ల ఇది రెండు వైపులకూ ఒరగగల త్రాసు వంటిది. ఒక వైపు కొద్దిగా మొగ్గినా ఆ మొగ్గు తనంతట తానే బలపడుతుంది. అన్నవాహిక శల్కల కణ క్యాన్సర్‌లో మిర్-92ఎ నేరుగా ఈ-క్యాడ్‌హెరిన్ సందేశంపైనే పనిచేసి శోషరస గ్రంథులకు వ్యాప్తిని పెంచుతుందని 2011లో వెలువడిన పరిశోధన తెలిపింది.

4.2 కదలిక: పట్టు సడలిన కణం కదలాలంటే దాని అంతర అస్థిపంజరం పునర్వ్యవస్థీకరణ చెందాలి. ఆక్టిన్ పోగులను కట్టలుగా చేర్చే ఫాసిన్ అనే ప్రోటీన్ కణం ముందు భాగంలో వేళ్లవంటి పొడుగాటి పొడుచుకులను ఏర్పరుస్తుంది. మిర్-145, మిర్-133ఎ, మిర్-133బి ఫాసిన్ సందేశాన్ని అణచివేస్తాయని, అన్నవాహిక శల్కల కణ క్యాన్సర్‌లో ఈ మూడూ తగ్గి ఉంటాయని జపాన్‌లోని చీబా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో చూపారు. అణచివేసేవి తగ్గినందువల్ల ఫాసిన్ పెరుగుతుంది, కణం చలనశీలమవుతుంది.

4.3 చొరబాటు: అన్నవాహిక క్యాన్సర్‌లో ఎక్కువగా అధ్యయనం చేసిన అణువులలో మిర్-21 ఒకటి. ఇది కణ విభజనకూ చొరబాటుకూ అడ్డుకట్ట వేసే పి.డి.సి.డి.4 అనే ప్రోటీన్ సందేశాన్ని అణచివేస్తుంది. కుమామోటో విశ్వవిద్యాలయ బృందం 2009లో ప్రకటించిన పరిశోధనలో గ్రంథులకు వ్యాధి పాకిన రోగుల గడ్డలలో మిర్-21 మరింత ఎక్కువగా ఉంది. ప్రయోగశాలలో మిర్-21ను నిరోధించినప్పుడు కణాల చొరబాటు తగ్గింది. అదే విధంగా మిర్-10బి కె.ఎల్.ఎఫ్.4 అనే జన్యువును అణచి అన్నవాహిక క్యాన్సర్ కణాల సంచారాన్ని, చొరబాటును పెంచుతుందని 2010లో తేలింది.

4.4 మనుగడ, నాటుకోవడం: కొత్త చోట పెరగాలంటే కణానికి వృద్ధి సంకేతాలు అందాలి. ఇన్సులిన్‌ను పోలిన వృద్ధి కారకాన్ని గ్రహించే ఐ.జి.ఎఫ్.1 గ్రాహకం అటువంటి సంకేతాలలో ఒకదాన్ని అందుకుంటుంది. మిర్-375 ఈ గ్రాహకపు సందేశాన్ని అణచివేస్తుంది. శల్కల కణ క్యాన్సర్‌లో మిర్-375 జన్యు నియంత్రణ భాగానికి మిథైల్ సమూహాలు చేరి అది మూతపడుతుందని, దాన్ని పునరుద్ధరిస్తే గడ్డ పెరుగుదల, వ్యాప్తి తగ్గుతాయని హాంకాంగ్ పరిశోధకులు 2012లో వెల్లడించారు. ఇక్కడ జన్యువు పోలేదు, దానికి మూత మాత్రమే పడింది. మూతను తొలగించవచ్చు గనుక చికిత్స దృష్ట్యా ఈ తేడా విలువైనది.

5. ఒకే అణువు - భిన్న పాత్రలు

పై వివరాలను పట్టికగా పేర్చి మిర్-21, మిర్-10బి, మిర్-92ఎ వ్యాప్తిని పెంచేవని, మిర్-145, మిర్-200, మిర్-375 తగ్గించేవని విభజించడం సులభం. సమీక్షా వ్యాసాలలో ఇటువంటి పట్టికలు విస్తారంగా కనిపిస్తాయి. కానీ ఈ విభజనను శాశ్వతమైనదిగా భావిస్తే పొరపాటవుతుంది.

మిర్-200 కుటుంబమే ఇందుకు నిదర్శనం. ఇది పరివర్తనను అడ్డుకుని కణాన్ని పుట్టినచోటనే నిలుపుతుంది. కానీ అప్పటికే దూరాన ఉన్న అవయవానికి చేరిన కణం అక్కడ నాటుకోవాలంటే తిరిగి ఉపకళ స్వభావాన్ని పొందవలసి ఉంటుంది. రొమ్ము క్యాన్సర్‌పై 2011లో వెలువడిన ఒక పరిశోధనలో మిర్-200 దూర అవయవాలలో కణాలు స్థిరపడడానికి తోడ్పడింది. బయలుదేరే దశలో అడ్డుపడిన అణువే చేరే దశలో సహకరించింది.

లక్ష్యం కూడా కణాన్ని బట్టి మారుతుంది. రొమ్ము క్యాన్సర్‌లో మిర్-10బి హాక్స్-డి10 జన్యువును అణచి, తద్వారా రో-సి ప్రోటీన్‌ను పెంచి వ్యాప్తికి దారితీస్తుందని 2007లో రాబర్ట్ వైన్‌బర్గ్ బృందం చూపింది. అన్నవాహిక కణాలలో గుర్తించిన లక్ష్యం కె.ఎల్.ఎఫ్.4. అణువు ఒకటే అయినా కణంలో అందుబాటులో ఉన్న సందేశాలు వేరు కనుక మార్గం వేరైంది.

కాబట్టి ఈ రంగంలోని ఒక పరిశోధన పత్రాన్ని చదివే విద్యార్థి మూడు స్థాయుల ఆధారాలను వేరుచేసి చూడాలి. మొదటిది సహసంబంధం. గడ్డలో ఒక అణువు ఎక్కువగానో తక్కువగానో ఉందన్నంత మాత్రాన అది వ్యాప్తికి కారణమని చెప్పలేము. రెండవది ప్రత్యక్ష బంధం. లక్ష్య సందేశపు చివరి భాగాన్ని మిణుగురు పురుగు వెలుగునిచ్చే ఎంజైమ్ జన్యువుకు జతచేసి, మైక్రో ఆర్‌ఎన్‌ఏ సమక్షంలో వెలుగు తగ్గుతుందో లేదో చూస్తారు. బీజ భాగానికి జతపడే వరుసను మార్చినప్పుడు వెలుగు తిరిగి పెరిగితే బంధం రుజువైనట్లు. మూడవది పునరుద్ధరణ. మైక్రో ఆర్‌ఎన్‌ఏ వల్ల తగ్గిన లక్ష్య ప్రోటీన్‌ను అణచివేతకు లొంగని రూపంలో కణానికి తిరిగి అందించినప్పుడు కణ ప్రవర్తన పూర్వస్థితికి వస్తే, ఆ లక్ష్యం ద్వారానే ప్రభావం కలిగిందని చెప్పవచ్చు. కంప్యూటర్ అంచనాల జాబితా ఈ మూడింటిలో దేనికీ ప్రత్యామ్నాయం కాదు.

6. రక్తపరీక్ష - ఆశలు, అవరోధాలు

మైక్రో ఆర్‌ఎన్‌ఏలు రక్తద్రవంలో విచ్ఛిన్నం కాకుండా నిలకడగా ఉంటాయని 2008లో తేలడంతో క్యాన్సర్‌ను రక్తంలోనే పసిగట్టవచ్చన్న ఆశ కలిగింది. శల్కల కణ క్యాన్సర్ రోగుల రక్తద్రవంలో మిర్-21 ఎక్కువగా, మిర్-375 తక్కువగా ఉంటున్నట్లు 2011లో జపాన్ పరిశోధకులు ప్రకటించారు. ఎండోస్కోపీ అందుబాటులో లేని గ్రామంలో కొద్దిపాటి రక్తంతో అనుమానితులను గుర్తించి, వారిని మాత్రమే ఎండోస్కోపీకి పంపగలిగితే ప్రయోజనం అపారం.

అయితే అవరోధాలను విస్మరించలేము. మిర్-21 అనేక రకాల క్యాన్సర్లలోనూ, వాపుతో కూడిన ఇతర స్థితులలోనూ పెరుగుతుంది. కనుక అది ఒక్కటే అన్నవాహికను వేలెత్తి చూపలేదు. నమూనా సేకరణ మరొక సమస్య. ఎర్ర రక్తకణాలలో మిర్-16, మిర్-451, మిర్-92ఎ సమృద్ధిగా ఉంటాయి. రక్తం తీసినప్పుడో రవాణాలోనో ఎర్రకణాలు చిట్లితే ఇవి రక్తద్రవంలోకి విడుదలవుతాయి. చాలా పరిశోధనలలో మిర్-16ను కొలమానంగా వాడారన్నది గమనిస్తే ఈ లోపం తీవ్రత అర్థమవుతుంది. కోదాడ ప్రాంతంలో వేసవి మధ్యాహ్నం తీసిన రక్తం జాతీయ రహదారి మీదుగా సుమారు 170 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదుకు చేరేలోపు ఆసుపత్రిలోనే వేరుచేసి శీతలీకరించకపోతే, మిర్-92ఎ పెరుగుదల క్యాన్సర్ వల్లనా, కణాలు చిట్లడం వల్లనా అన్నది తేల్చలేము.

చికిత్స విషయంలోనూ అనుభవం జాగ్రత్తనే బోధిస్తుంది. మిర్-34ను అనుకరించే ఎం.ఆర్.ఎక్స్.34 అనే ఔషధంపై వివిధ క్యాన్సర్ రోగులలో జరిగిన తొలిదశ పరీక్షలు తీవ్రమైన రోగనిరోధక దుష్ప్రభావాల కారణంగా 2016లో నిలిచిపోయాయి. ఒక అణువు వందలాది జన్యువులను తాకగలగడం దాని బలం. శరీరమంతటా ప్రవేశపెట్టినప్పుడు అదే దాని ప్రమాదం.

7. తెలుగు ప్రాంత సందర్భం

అన్నవాహిక శల్కల కణ క్యాన్సర్‌లో మైక్రో ఆర్‌ఎన్‌ఏలపై వెలువడిన పరిశోధనలలో అత్యధికం చైనా, జపాన్‌లకు చెందినవి. వ్యాధి రకం ఒకటే కనుక అక్కడి ఫలితాలు ఇక్కడికీ వర్తిస్తాయని భావించడం సహజం. ఈ భావనను పరీక్షించవలసిన కారణం ఒకటుంది. మద్యం శరీరంలో మొదట ఎసిటాల్డిహైడ్‌గా, తరువాత హానిలేని ఎసిటేట్‌గా మారుతుంది. రెండవ మార్పును నిర్వహించే ఎ.ఎల్.డి.హెచ్.2 ఎంజైమ్‌ను బలహీనపరిచే జన్యురూపం తూర్పు ఆసియాలో చాలామందిలో ఉంది. అటువంటివారు మద్యం సేవిస్తే క్యాన్సర్ కారకమైన ఎసిటాల్డిహైడ్ అన్నవాహికలో పేరుకుంటుంది. దక్షిణ భారతదేశంలో ఈ జన్యురూపం అరుదు. ఇక్కడ బీడీ, చుట్ట, ఖైనీ, గుట్కా, వక్క, మద్యం కలగలిసిన అలవాట్లు ప్రధానం. గాయపరిచే కారకం వేరైనప్పుడు ఏ జన్యువులకు మిథైల్ మూత పడుతుంది, ఏ మైక్రో ఆర్‌ఎన్‌ఏ తగ్గుతుంది అన్నవి కూడా వేరుగా ఉండే అవకాశం ఉంది. ఇది పరీక్షించి తేల్చవలసిన ప్రశ్న. ముందే నిర్ణయించుకోదగిన సమాధానం కాదు.

ఈ పరీక్షకు తగిన వనరులు తెలుగు నేలపై ఉన్నాయి. హైదరాబాదులో కణ, అణు జీవశాస్త్ర కేంద్రం, డి.ఎన్.ఎ. ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం వంటి జాతీయ సంస్థలున్నాయి. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల పనిచేస్తోంది. జిల్లాలోని రోగి అలవాట్లు, గడ్డ రకం, గ్రంథులకు వ్యాప్తి, గడ్డకూ దాని పక్కనున్న ఆరోగ్యవంతమైన కణజాలానికీ చెందిన జత నమూనాలు ఒకే పద్ధతిలో భద్రపరిస్తే, ఎన్నో ఏళ్ల తరువాత కూడా వాటిని పరీక్షించవచ్చు. ఫార్మలిన్‌లో శుద్ధిచేసి మైనంలో నిలవచేసిన కణజాలంలో పొడవైన సందేశ ఆర్‌ఎన్‌ఏ ముక్కలైపోతుంది. చిన్నవి కావడం వల్ల మైక్రో ఆర్‌ఎన్‌ఏలు మాత్రం చాలావరకు నిలిచి ఉంటాయి. ఈ సౌలభ్యం వల్ల, తగిన అనుమతులతో, రోగనిర్ధారణ విభాగాలలోని పాత మైనపు దిమ్మెలు కూడా పరిశోధనకు ముడిసరుకు కాగలవు.

8. ఉపసంహారం

అన్నవాహిక క్యాన్సర్ కణాల వ్యాప్తిలో ప్రతి దశనూ ఏదో ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏ ప్రభావితం చేస్తుంది. మిర్-200, మిర్-92ఎ కణాల పట్టును, మిర్-145, మిర్-133 కదలికను, మిర్-21, మిర్-10బి చొరబాటును, మిర్-375 వృద్ధి సంకేతాలను నియంత్రిస్తాయి. అయితే ఈ పాత్రలు కణాన్ని, దశను, లక్ష్యాన్ని బట్టి నిర్ణయమవుతాయి. ఈ అణువుల పేర్లతో రూపొందించే ఏ పరీక్షనైనా, ఏ ఔషధాన్నైనా ఈ మూడు ప్రశ్నల వెలుగులో పరిశీలించాలి.

అటువంటి పరీక్ష సిద్ధమయ్యే వరకు అనంతగిరి వంటి ప్రాంతాలకు అందవలసిన జ్ఞానం సరళమైనది. పొగాకు, వక్క, మద్యాలకు దూరంగా ఉండడం ఒకటి. గట్టి పదార్థం మింగడం కష్టమైన తొలినాళ్లలోనే, అన్నం కూడా దిగని స్థితి వచ్చేవరకు వేచి ఉండకుండా ఎండోస్కోపీ చేయించుకోవడం మరొకటి. అణుస్థాయి పరిశోధన సాధించదలచిన లక్ష్యం కూడా ఇదే. కణం బయలుదేరక ముందే, లేదా బయలుదేరిన తొలి అడుగులోనే దాన్ని గుర్తించడం. ఆ లక్ష్యానికి చేర్చే స్థానిక నమూనాల సేకరణ, స్థానిక విశ్లేషణ తెలుగు ప్రాంత పరిశోధకులు చేపట్టవలసిన తక్షణ కర్తవ్యం.